కరెంటుకు లేని సరిహద్దు కాగితానికి ఉంది

పని చేతిలో ఉంటే ఎక్కడికెళ్ళినా బతకొచ్చని మన ఊళ్ళలో పెద్దలు చెబుతుంటారు. ఆ మాట నమ్ముకుని, ఐటీఐ సర్టిఫికెట్ పెట్టెలో పెట్టుకుని దుబాయి, షార్జా, అబుదాబి చేరిన తెలుగు ఎలక్ట్రీషియన్లు ఎందరో ఉన్నారు. తీరా వచ్చాక వీసాలో చూస్తే హెల్పర్ అనో లేబర్ అనో రాసి ఉంటుంది. సైటులో మాత్రం కాండ్యూట్ వేయడం దగ్గర నుంచి డీబీ డ్రెస్సింగ్ దాకా అన్నీ అతని చేతి మీదుగానే జరుగుతాయి. పని ఎలక్ట్రీషియన్‌ది, జీతం హెల్పర్‌ది.

పదేళ్ళు ఇలా గడిపి ఊరికి తిరిగి వెళ్ళి, సొంతంగా వైరింగ్ పనులు పట్టుకుందామంటే అక్కడ ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: పర్మిట్ ఉందా? ముప్పై అంతస్తుల టవర్‌లో కేబుళ్ళు లాగిన మనిషికి జగిత్యాలలో గానీ రాజంపేటలో గానీ ఒక డాబా ఇంటికి వైరింగ్ చేసే కాగితం ఉండదు.

ఏజెంటు చెప్పిన అబద్ధం ఒక్కటే దీనికి కారణం కాదు. చేతిపని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోగలదు గానీ, దాన్ని ఒప్పుకునే కాగితం ప్రతి సరిహద్దు దగ్గరా ఆగుతుంది. మన రాష్ట్రాల మధ్యా అంతే, ఇక్కడి ఎమిరేట్ల మధ్యా అంతే. ఇది ఇలా ఎందుకు తయారైందో తెలిస్తే, ఏ కాగితాన్ని ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది.

రెండు కాగితాలు, రెండు అర్థాలు

మనలో చాలామంది సర్టిఫికెట్, లైసెన్సు ఒకటే అనుకుంటారు. రెండూ వేరు. ఐటీఐ సర్టిఫికెట్ "ఇతను పని నేర్చుకున్నాడు" అని చెబుతుంది. పర్మిట్ లేదా లైసెన్సు "ఇతను పని చేయవచ్చు" అని చెబుతుంది. మొదటిది బడి ఇచ్చేది, రెండోది ప్రభుత్వం ఇచ్చేది. చరిత్రలో ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. మన ఇబ్బందులన్నీ ఆ రెండు దారుల మధ్య ఖాళీలోనే పుట్టాయి.

ముందుగా పుట్టినవి పనిని అదుపు చేసే నియమాలు. కొత్తగా వచ్చిన కరెంటు దీపాల వల్ల ఇళ్ళు తగలబడతాయన్న భయంతో 1882లో లండన్‌లోని ఇంజనీర్ల సంఘం వైరింగ్ నియమాలు తయారుచేసింది. తర్వాత వాటినే ఐఈఈ నియమాలన్నారు. దుబాయి, అబుదాబిలలో అమల్లోకి వచ్చిన వైరింగ్ నిబంధనలకు మూలం కూడా ఆ బ్రిటిష్ పద్ధతులే. మన దేశంలో కరెంటు చట్టం 1910లో వచ్చింది. అంటే ఇక్కడి నియమాలకూ అక్కడి నియమాలకూ తాత ఒక్కడే. అయినా మనవల కాగితాలు ఒకరివి ఒకరికి చెల్లవు.

1910 నాటి చట్టం బ్రిటిష్ ఇండియాది. నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యానికి దాని ఏర్పాట్లు దానికి ఉండేవి. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో నిజాం ప్రభుత్వం కట్టిన థర్మల్ కేంద్రమే నగరానికి వెలుగిచ్చింది. అటు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రభుత్వం కింద ఉండేవి. తెలుగువాళ్ళు ఒక్కటే అయినా, కరెంటు ఆఫీసులు మాత్రం మొదటి నుంచీ వేర్వేరు.

యుద్ధం నేర్పిన చదువు

పని నేర్పే బడి సంగతి తర్వాత వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు వేల సంఖ్యలో కావలసి వచ్చారు. ప్రభుత్వం యుద్ధ అవసరాల కోసం శిక్షణ కేంద్రాలు తెరిచింది. బ్రిటన్ కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరు మీద నడిచిన పథకం కింద 1941 నుంచి భారతీయ కార్మికుల్ని అక్కడికే తీసుకెళ్ళి పని నేర్పారు. చేతిపని కోసం సముద్రం దాటడం మనకు గల్ఫ్‌తో మొదలైంది కాదన్న మాట.

యుద్ధం ముగిశాక ఇంటికొచ్చిన సైనికులకు ఉపాధి చూపించడానికి 1945లో కేంద్రంలో ఒక విభాగం పెట్టారు. ఆ విభాగం నుంచే 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీం వచ్చింది. మనం ఐటీఐ అని పిలిచే బడులన్నీ ఆ పథకం పిల్లలే. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ళ చదువుగా స్థిరపడింది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చి, బడిలో చదివినవాడు ఫ్యాక్టరీలో చేయి తిప్పుకునే ఏర్పాటు కూడా జరిగింది.

ముడి పడింది 1956లో

మన కథలో అన్నిటికన్నా ముఖ్యమైన సంవత్సరం 1956. ఆ ఒక్క ఏడాదిలో మూడు సంగతులు జరిగాయి.

మొదటిది, శిక్షణకు దేశమంతటికీ ఒకే కొలత పెట్టడానికి జాతీయ మండలి ఏర్పడింది. దాన్నే తర్వాత ఎన్‌సీవీటీ అన్నారు. బడులు నడిపే బాధ్యత అదే ఏడాది రాష్ట్రాలకు ఇచ్చారు గానీ, సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ మాత్రం దేశం మొత్తానికి ఒకటిగా ఉంచారు. నిజామాబాద్‌లో పాసైన ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్‌ను నాగపూర్‌లో ఎవరూ కాదనడానికి లేదు. రైల్వేలోనైనా, ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలోనైనా అది చెల్లింది.

రెండోది, ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్. అందులో 45వ నియమం మనకు సంబంధించింది. బల్బులు, ఫ్యూజులు మార్చడం లాంటి చిన్న పనులు తప్ప, వినియోగదారుని ఆవరణలో ఏ వైరింగ్ పనైనా రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరే చేయాలి. దాన్ని సామర్థ్య సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. పనిచేసే మనిషికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ గానీ, అది గుర్తించిన పర్మిట్ గానీ ఉండాలి.

ఈ "గుర్తించిన" అన్న ఒక్క మాట దగ్గర ఆగి చూడాలి. పక్క రాష్ట్రం పర్మిట్‌ను ఒప్పుకునే తలుపు అందులో ఉంది. కానీ ఆ తలుపు తీయడమా, మూయడమా అన్నది ఆయా రాష్ట్రాల ఇష్టం. శిక్షణను దేశానికి ఇచ్చి, అనుమతిని రాష్ట్రం చేతిలో ఉంచారు. బడి కాగితం రైలెక్కి ఎక్కడికైనా పోగలిగింది. పర్మిట్ రాష్ట్ర పొలిమేర దగ్గర దిగిపోయింది. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. దాని కింద కేంద్ర విద్యుత్ అథారిటీ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. వాటిలోనూ పర్మిట్ రాష్ట్రం చేతిలోనే ఉండిపోయింది.

మూడోది మనందరికీ తెలిసిందే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలంగాణ జిల్లాలు ఆంధ్రతో కలిశాయి, రాయచూర్, గుల్బర్గా వైపు మైసూరుకు, ఔరంగాబాద్ వైపు బొంబాయికి పోయాయి. మనుషులు కదల్లేదు, సరిహద్దే వాళ్ళ మీదుగా కదిలింది. 2014 జూన్ 2న మరోసారి అదే జరిగింది. తెలంగాణ విడిగా ఏర్పడ్డాక ఒకే ఆఫీసు చూసుకున్న పని రెండు ప్రభుత్వాలకు పంచారు. కోదాడకూ జగ్గయ్యపేటకూ మధ్య దూరం మారలేదు. కానీ ఇటు పర్మిట్ అడిగే ప్రభుత్వం ఒకటి, అటు అడిగే ప్రభుత్వం ఇంకొకటి అయ్యాయి.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఎన్‌సీవీటీ లాగే రాష్ట్రాలకు ఎస్‌సీవీటీ అనే సొంత మండళ్ళు ఉన్నాయి. పేర్లలో తేడా ఒక్క అక్షరమే అయినా, ఒకటి దేశమంతటికీ, రెండోది ముఖ్యంగా ఆ రాష్ట్రానికీ పనికొచ్చే సర్టిఫికెట్. చదువులో చేరేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు. గల్ఫ్ ఇంటర్వ్యూలో అడిగేదాకా మనకూ తెలియదు.

రూపాయి చెల్లిన రోజుల్లో

ఇప్పుడు ఇటు వద్దాం. దుబాయి పాలకుడు షేక్ రషీద్ బిన్ సయీద్ అల్ మక్తూమ్ 1959లో దుబాయి ఎలక్ట్రిసిటీ కంపెనీని స్థాపించారు. అప్పటికి యూఏఈ అన్న దేశమే లేదు. ఆ రోజుల్లో ఇక్కడి బజారులో చెల్లింది మన రూపాయే. అదే 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు ముద్రించింది. 1966 దాకా అవి ఇక్కడ నడిచాయి. డబ్బు సముద్రం దాటి చెల్లింది గానీ, పనివాడి కాగితం అలా చెల్లే ఏర్పాటు ఎవరూ చేయలేదు.

1971 డిసెంబర్ 2న యూఏఈ ఏర్పడింది. 1973లో చమురు ధర పెరిగాక కట్టడాలు జోరందుకున్నాయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు బయలుదేరారు. దారి ఎక్కువగా బొంబాయి మీదుగా ఉండేది. అక్కడ కంపెనీ మనిషి ముందు ట్రేడ్ టెస్ట్. ఒక బోర్డు, కొన్ని స్విచ్చులు, కొంత వైరు ఇచ్చి కనెక్షన్ చేయమనేవారు. అక్కడ చూసింది చేతిని, కాగితాన్ని కాదు. సర్టిఫికెట్ లేకపోయినా పని వచ్చినవాడు గట్టెక్కాడు. ఇది అప్పట్లో మనకు మేలు చేసిన మాట నిజం. కానీ ఆ టెస్టులో పాసైనట్టు చేతికి ఏ కాగితమూ రాలేదు. కంపెనీ మారితే మళ్ళీ మొదటి నుంచి టెస్టే.

వలస చట్టం 1983లో వచ్చింది. ఏజెంట్లకు రిజిస్ట్రేషన్, చదువు తక్కువ ఉన్నవారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ ఏర్పాటు అందులోవే. తర్వాత పదో తరగతి పాసైనవారికి ఈసీఆర్ నుంచి మినహాయింపు వచ్చింది. ఎన్‌సీవీటీ, ఎస్‌సీవీటీ గుర్తింపున్న సంస్థలో రెండేళ్ళ డిప్లొమా చేసినవారికి కూడా ఆ వెసులుబాటు ఉంది. ఐటీఐ కాగితం ఉద్యోగానికే కాదు, ఎయిర్‌పోర్టు దాటడానికి కూడా లెక్కకు వచ్చిందన్న మాట.

ఒక దేశం, నాలుగు కరెంటు ఆఫీసులు

మన దేశంలో రాష్ట్రాలున్నట్టు ఇక్కడ ఎమిరేట్లు ఉన్నాయి. కరెంటు విషయంలో ఎవరి సంస్థ వారిదే. దుబాయి ఎలక్ట్రిసిటీ కంపెనీ, నీటి శాఖ కలిసి 1992 జనవరి 1న దేవా అయ్యాయి. షార్జాకు సేవా ఉంది. అబుదాబిలో 1998 నాటి చట్టంతో కరెంటు రంగాన్ని విడగొట్టి నియంత్రణకు ఒక బ్యూరో పెట్టారు. పంపిణీని అబుదాబి, అల్ ఐన్ కంపెనీలకు ఇచ్చారు. ఆ బ్యూరో పని ఇప్పుడు ఇంధన శాఖ చూస్తోంది. అజ్మాన్, ఉమ్ అల్ కువైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరాలకు 1999లో ఫెడరల్ సంస్థ ఫేవా ఏర్పడింది. 2020 నుంచి దాని పేరు ఎతిహాద్.

కాంట్రాక్టు కంపెనీ ఏ ఎమిరేట్‌లో పనిచేయాలంటే ఆ సంస్థ దగ్గర నమోదు కావాలి. డ్రాయింగులకు అక్కడే ఆమోదం, తనిఖీ అక్కడి ఇన్‌స్పెక్టర్‌దే. కంపెనీ తరఫున ఇంజనీరుకో సూపర్‌వైజర్‌కో పరీక్ష ఉంటుంది. ఇక్కడే మన దేశానికీ ఈ దేశానికీ పెద్ద తేడా కనిపిస్తుంది. మన దగ్గర వైర్‌మన్ పర్మిట్ మనిషి పేరు మీద ఉంటుంది. ఇక్కడ ప్రధానమైన లైసెన్సు కంపెనీ పేరు మీద ఉంటుంది. సామాన్య ఎలక్ట్రీషియన్ పేరు సాధారణంగా అందులో కనిపించదు. అతను ఎలక్ట్రీషియన్ అని చెప్పేది లేబర్ కాంట్రాక్టులోని హోదా ఒక్కటే. దానిలో హెల్పర్ అని ఉంటే, రికార్డు ప్రకారం అతను హెల్పరే.

ఇది జీతం సంగతి మాత్రమే కాదు. ప్రమాదం జరిగితే హెల్పర్‌గా రాసి ఉన్న మనిషి లైవ్ ప్యానెల్ దగ్గర ఎందుకున్నాడన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన పరిస్థితి అతనికి రాకూడదు.

కాగితానికి ధర కట్టిన చట్టాలు

చాలాకాలం ఇక్కడ చేతిపనే చాలన్నట్టు నడిచింది. తర్వాత కాగితానికి ధర పెరిగింది. 2011 జనవరి నుంచి అమలైన కార్మిక శాఖ ఉత్తర్వు ప్రకారం, కంపెనీలో రెండేళ్ళు పూర్తిచేసి ఇరుపక్షాలూ ఒప్పుకుని విడిపోతే ఆరు నెలల నిషేధం లేకుండా వేరే చోట చేరవచ్చు. రెండేళ్ళు పూర్తికాకపోయినా కొందరికి మినహాయింపు ఇచ్చారు. డిగ్రీ ఉండి 12,000 దిర్హాములు, డిప్లొమా ఉండి 7,000, హైస్కూలు సర్టిఫికెట్ ఉండి 5,000 జీతం వచ్చేవారు వాళ్ళు. కాగితం ఉన్నవాడికి తలుపు ముందు తెరుచుకుంది. 2016 జనవరి నుంచి వచ్చిన ఉత్తర్వులు కూడా ఈ మూడు మెట్లకే ముందు వరుస ఇచ్చాయి.

2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చింది. దాని వెంట వచ్చిన నిబంధనల్లో వృత్తులను తొమ్మిది స్థాయిలుగా విభజించారు. మొదటి ఐదు స్థాయిల్లో నైపుణ్యం గల కార్మికుడిగా లెక్కించాలంటే సెకండరీకి పైబడిన చదువు, ముద్రలు పడిన సర్టిఫికెట్, కనీసం 4,000 దిర్హాముల జీతం ఉండాలన్నారు. ముద్రలంటే మన రాష్ట్ర శాఖది, తర్వాత విదేశాంగ శాఖది, తర్వాత యూఏఈ ఎంబసీది, చివరికి ఇక్కడి విదేశాంగ శాఖది. ఒక్క సర్టిఫికెట్ ఇన్ని గడపలు తొక్కాలి. ఊళ్ళో ఉన్నప్పుడు చేయించుకోని మనిషి, ఇక్కడి నుంచి ఆ పని చేయించాలంటే ఎంత ఖర్చో, ఎంత తిప్పలో క్యాంపులో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు.

కలిపిన దేశాలూ ఉన్నాయి

ఈ కష్టం మనకొక్కరికే లేదు. అమెరికాలో ఎలక్ట్రీషియన్‌కు దేశమంతటికీ ఒకే లైసెన్సు లేదు. రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకున్నచోటే ఒకరి లైసెన్సు మరొకరి దగ్గర చెల్లుతుంది. కెనడా వేరే దారి పట్టింది. ప్రావిన్సు ఇచ్చే సర్టిఫికెట్ మీదనే, అందరికీ ఉమ్మడిగా ఉన్న పరీక్ష పాసైతే రెడ్ సీల్ అనే ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఏ ప్రావిన్సులోనైనా చెల్లుతుంది. ఆస్ట్రేలియా 1992లో పరస్పర గుర్తింపు చట్టమే చేసింది. ఒక రాష్ట్రంలో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఇంకో రాష్ట్రంలో నమోదు చేయించుకుని పని చేసుకోవచ్చు. ఎవరి అధికారం వారి దగ్గరే ఉంది, పనివాడు మాత్రం మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కనక్కర్లేదు.

మన రెండు దేశాల మధ్య కూడా అడుగులు పడ్డాయి. 2006లో కార్మికుల విషయంలో ఒప్పందం కుదిరింది, 2011లో దాన్ని సవరించారు. కార్మికుల్ని పంపే దేశాలు, రప్పించుకునే దేశాలు కలిసి మాట్లాడుకునే అబుదాబి డైలాగ్ 2008లో మొదలైంది. నైపుణ్య శిక్షణ, అర్హతల గుర్తింపు గురించి 2016లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందానికి వచ్చాయి. మన దేశంలో 2015 నుంచి, పని చేస్తూ నేర్చుకున్నవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి నడిచింది. 2020లో కరోనా వేళ తిరిగొచ్చినవారి నైపుణ్యాలు నమోదు చేయడానికి స్వదేశ్ స్కిల్ కార్డు పెట్టారు. అడుగులు మంచివే. అయితే ఇక్కడి పదేళ్ళ అనుభవాన్ని చూసి అక్కడ నేరుగా వైర్‌మన్ పర్మిట్ చేతిలో పెట్టే దారి మాత్రం వాటి వల్ల పడలేదు.

మన చేతిలో ఉన్నది

ప్రభుత్వాలు చేయవలసింది ప్రభుత్వాలు చేయాలి. ఈలోగా మనకున్న ఒక హక్కును మనం వాడుకోవడం లేదు. అదే అనుభవ ధ్రువపత్రం. ఉద్యోగం ముగిసినప్పుడు కార్మికుడు అడిగితే యజమాని పైసా తీసుకోకుండా సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలని 1980 నాటి కార్మిక చట్టంలోనే ఉంది. 2021 చట్టం దాన్ని నిలబెట్టింది. చేరిన తేదీ, మానిన తేదీ, మొత్తం సర్వీసు, హోదా లేదా చేసిన పని, చివరి జీతం, మానడానికి కారణం అందులో రాయాలి. మనిషి పేరుకు మచ్చ తెచ్చే మాట రాయకూడదు.

ఇందులో "చేసిన పని" అన్నది మనకు బంగారం లాంటి మాట. వీసాలో హెల్పర్ అని ఉన్నా, చేసింది ఎలక్ట్రికల్ పని అయితే ఆ సంగతి రాయమని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. సెలవు మీద వెళ్ళే తొందరలో, లెక్క చూసుకునే గొడవలో ఈ కాగితాన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆ తర్వాత కంపెనీ మూతపడితే అడగడానికి మనిషి కూడా దొరకడు.

రాబోయే తమ్ముళ్ళకు ఇంకో రెండు మాటలు చెప్పండి. ఐటీఐలో చేరేముందే అది ఎన్‌సీవీటీ గుర్తింపు ఉన్నదో కాదో కనుక్కోవాలి. విమానం ఎక్కకముందే సర్టిఫికెట్ మీద ముద్రలన్నీ వేయించుకుని, కాంట్రాక్టులో హోదా ఏం రాశారో చదివించుకోవాలి. చదువు లేకుండా పని నేర్చుకున్నవారు కూడా దారి మూసుకుపోయిందనుకోవద్దు. కొన్నేళ్ళ అనుభవం ఉన్నవారు ప్రైవేటు అభ్యర్థులుగా అఖిల భారత ట్రేడ్ టెస్ట్ రాసే వీలుంది. దానికి కావలసింది అనుభవం చూపే కాగితమే. తిరిగి వెళ్ళి సొంత పని పెట్టుకునేవారు ముందుగా తమ రాష్ట్రంలోని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో పర్మిట్ సంగతి కనుక్కోవాలి. ఆంధ్రలో అడిగింది తెలంగాణకు చెల్లుతుందని అనుకోవద్దు.

ఎలక్ట్రీషియన్లకు తెలిసిన ఉదాహరణతో ముగిద్దాం. గల్ఫ్ దేశాల ఉమ్మడి గ్రిడ్‌లో యూఏఈ 2011లో కలిసింది. అందులో సౌదీ కరెంటు 60 హెర్ట్జ్, మిగతావాళ్ళది 50. నేరుగా కలిపితే నడవదు. అందుకని మధ్యలో కన్వర్టర్ స్టేషన్ కట్టారు. మన దగ్గర దక్షిణాది గ్రిడ్ కూడా దేశంతో పూర్తిగా జతపడింది 2013 డిసెంబర్ 31న. అంతకుముందు తూర్పు గ్రిడ్‌తో ఇచ్చిపుచ్చుకోవడానికి విశాఖ గాజువాకలో అలాంటి స్టేషనే కట్టుకున్నారు. కలవని రెండు లైన్ల మధ్య కూడా, కలపాలనుకున్నప్పుడు దారి దొరికింది. ఆ స్టేషన్లలో, ఆ లైన్ల మీద పని చేసిన చేతుల కాగితాలకు కూడా అలాంటి కన్వర్టర్ ఒకటి కట్టమని అడగడం న్యాయమే. అది కట్టేదాకా ప్రతి సర్టిఫికెట్, ప్రతి కాంట్రాక్టు, ప్రతి అనుభవ పత్రం ఒక కవర్లో భద్రంగా ఉంచుకోండి.